రథం లాగాల్సిన బండి గెంతుతుంటే: ఒక ఆర్‌సీ ట్రక్కు కేసు

రథయాత్రకి ఇంకా పదిహేను రోజులుందనగా మా వీధిలోనే ఉండే రిటైర్డ్ మాష్టారు ఒకాయన మనవణ్ణి వెంటబెట్టుకుని నా షాపుకి వచ్చారు. కుర్రాడి చేతిలో 1/10 స్కేలు ఆర్‌సీ ట్రక్కు, అంటే రిమోట్‌తో నడిచే బండి, ఉంది. పర్లాకిమిడిలో నాది ఇన్వర్టర్లు, మిక్సీలు, చార్జర్లు బాగుచేసే చిన్న షాపు, ఆర్‌సీ కార్లంటే ప్రాణం. ఇటు పాతపట్నం, టెక్కలి, అటు కాశీనగర్, గుణుపురం దాకా ఎవరింట్లో ఆర్‌సీ బండి మొరాయించినా చివరికి నా బల్ల మీదకే వస్తుంది. ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే "స్లోగా పోనిస్తే కుదుపుతోంది అన్నా, మోటార్ మార్చాలా?" అని వారానికి ఒకరైనా అడుగుతారు, ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు.

"బాబూ, ఇది నడవడం లేదు, దూకుతోంది" అన్నారు మాష్టారు. విషయం ఏమిటంటే వాళ్ళింట్లో ప్రతి ఏడూ పిల్లల కోసం ఒక చిన్న చెక్క రథం కడతారు, రెండున్నర అడుగుల ఎత్తు, ఏడు కిలోల బరువు, చెక్క ఇరుసు, చెక్క చక్రాలు, లోపల జగన్నాథుడి పటం. ఇంటి గేటు నుంచి వీధి చివర రామమందిరం దాకా 60 మీటర్లు లాగి అక్కడ దించుతారు, మళ్ళీ బాహుడా (తిరుగు రథయాత్ర) రోజున వెనక్కి తెస్తారు. ముందు పట్టు పట్టి నడిపించేది ఎప్పుడూ మాష్టారే. ఈసారి మోకాలి ఆపరేషన్ అయ్యింది, వంగలేరు. తాతగారి చోట తన ట్రక్కు లాగాలని మనవడి కోరిక, పిల్లలంతా పక్కన తాళ్ళు పట్టుకుని నడుస్తారట. ఇంట్లో ఒకసారి కట్టి చూశారు. ట్రక్కు కాసేపు దడదడలాడి ఒక్కసారి ముందుకు దూకింది, రథం శిఖరం మీది కలశం, జెండా కర్ర రెండూ కింద పడ్డాయి. మాష్టారి ముఖంలో ఆ బాధ ఇంకా ఉంది. వేరే ఊళ్ళో ఒక రిపేరు మనిషికి చూపిస్తే ఈఎస్‌సీ, అంటే మోటారుకి కరెంటు వదిలే బోర్డు, పోయిందని చెప్పి కొత్తది వేసి డబ్బులు తీసుకున్నాడట, దాని తరవాత కూడా అదే దూకుడు.

ముందు బండి ఏమిటో చెబుతాను. 3650 సైజు బ్రష్‌లెస్ మోటారు, 3300 కేవీ (కిలోవోల్టులు కాదు, ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే లెక్క), సెన్సర్ లేనిది. 60 ఆంపియర్ల ఈఎస్‌సీ, అంటే బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉండి రిమోట్ చెప్పినంత కరెంటు వదిలే బోర్డు. 3ఎస్ లిపో బ్యాటరీ, అంటే మూడు సెల్లుల లిథియం బ్యాటరీ, 11.1 వోల్టులు. 20 పళ్ళ పినియన్, అంటే మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు. మోటారు 12 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు 110 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకి 34.5 సెంటీమీటర్లు పోతుంది. మైదానంలో ఉరకడానికి కట్టిన బండి ఇది, ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది కూడా.

స్క్రూ డ్రైవర్ ముట్టుకోకముందు నేను కాగితం, పెన్ను తీసుకుంటాను. ఈ రకం కేసుల్లో సగం జవాబు అక్కడే దొరుకుతుంది. రథం ఎంత వేగంతో పోవాలి? మాష్టారు నేల మీద చెయ్యి జరిపి చూపించారు, ఇంచుమించు సెకనుకి 10 సెంటీమీటర్లు. అంటే చక్రం నిమిషానికి 17 చుట్లు, మోటారు దాదాపు 210 చుట్లు. ఇదే మోటారు 11.1 వోల్టుల మీద పూర్తిగా తిరిగితే, లోడ్ లేని లెక్కలో, 36,600 చుట్లు, బండి గంటకి 63 కిలోమీటర్లు. మనకి కావలసింది గంటకి 0.36. అంటే మొత్తం వేగంలో రెండొందల వంతు కంటే ఓ పిసరు ఎక్కువ. ఇక రిమోట్ వైపు చూడండి. రిసీవర్ నుంచి ఈఎస్‌సీకి వెళ్ళే పల్స్ నిడివి న్యూట్రల్ (ట్రిగ్గర్ వదిలేసిన స్థితి) దగ్గర 1500 మైక్రోసెకన్లు, ఫుల్ దగ్గర 2000. ముందుకు పోవడానికి ఉన్న చోటంతా 500 మైక్రోసెకన్లు. అందులో మన రథం వేగానికి వచ్చే వాటా 3 మైక్రోసెకన్లు. మామూలు రిమోట్లలో ట్రిగ్గర్ కింద ఉండే పొటెన్షియోమీటర్, అంటే ఎంత నొక్కామో కొలిచే భాగం, ఊరికే వణికినా అంత తేడా వస్తుంది. ఏ వేలూ దాన్ని పట్టుకోలేదు. కుర్రాడు ట్రిగ్గర్ సరిగ్గా నొక్కడం లేదని ఇంట్లో అందరూ వాణ్ణే అన్నారట, ముందు ఆ మాట కొట్టేయించాను.

ఇక రెండో సంగతి, దీనికి కాస్త టైమ్ ఇవ్వండి, మొత్తం కేసు దీని చుట్టూనే తిరుగుతుంది. బ్రష్‌లెస్ మోటారులో మూడు తీగలు. ఏ క్షణంలోనైనా రెండింటిలో కరెంటు పోతుంది, మూడోది ఖాళీగా ఉంటుంది. లోపల అయస్కాంతం తిరుగుతుంటే ఆ ఖాళీ తీగలో కొంచెం వోల్టేజీ పుడుతుంది, దాన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. సెన్సర్ లేని ఈఎస్‌సీ ఆ వోల్టేజీని చూసే రోటర్, అంటే తిరిగే ఆ భాగం, ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకుని, తరవాతి జత తీగలకి కరెంటు మారుస్తుంది. 3300 కేవీ అంటే 3300 చుట్లకి ఒక వోల్టు. మన 210 చుట్లకి 0.06 వోల్టు. పక్కన 12 వోల్టుల బ్యాటరీ వేల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ గోల చేస్తుంటే ఆ 0.06 ఎక్కడ వినిపిస్తుంది? బండి ఆగి ఉన్నప్పుడైతే సున్నా, అసలు ఏమీ లేదు. కాబట్టి ఈఎస్‌సీ మొదట్లో గుడ్డిగా, ఒక అంచనా మీద తీగలు మారుస్తూ పోతుంది. బరువు తక్కువైతే రోటర్ ఆ వరసని అందుకుంటుంది. ఏడు కిలోల రథం వెనక ఉంటే అందుకోలేదు, కరెంటు ముందుకు పోతుంది, రోటర్ వెనక్కి ఊగుతుంది, అదే దడదడ. ఈలోపు పిల్లాడు ట్రిగ్గర్ ఇంకాస్త నొక్కుతాడు. ఏదో ఒక క్షణంలో పట్టు దొరుకుతుంది, అప్పటికే అడిగిన పవర్ అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. కలశం పడింది ఆ క్షణంలోనే.

బ్రష్డ్ మోటారులో ఈ గొడవ లేదు. తిరిగే షాఫ్ట్ మీదే కమ్యుటేటర్ అనే రాగి ముక్కల ఉంగరం ఉంటుంది, దాని మీద కార్బన్ బ్రష్‌లు ఆని ఉంటాయి. రోటర్ ఎక్కడుంటే అక్కడికి తగ్గ చుట్టలోకి కరెంటు దానంతట అదే వెళ్తుంది. ఎవరూ కనిపెట్టక్కర్లేదు, ఆగి ఉన్నా సరే. నూట యాభై ఏళ్ళు దాటిన ఏర్పాటు అది, తక్కువ వేగంలో ఇప్పటికీ దాని విలువ దానిదే.

ఇక్కడ ఒక మాట. మన ఆర్‌సీ వాళ్ళు ఈ దడదడని "కాగింగ్" అంటారు. నిజానికి మోటారు షాఫ్ట్‌ని చేత్తో తిప్పితే గాటు గాటుగా తగులుతుంది చూడండి, అయస్కాంతం ఇనుప పళ్ళ దగ్గర ఆగుతూ ఉండడం, అసలు కాగింగ్ అది. అది బ్రష్డ్ మోటారులోనూ ఉంటుంది. రెండిటికీ ఒకే పేరు పెట్టడం వల్ల చాలామంది మంచి మోటారుని చేత్తో తిప్పి చూసి, గాట్లు తగిలాయని పారేస్తున్నారు.

టెస్టు ఎలా పెట్టానంటే, షాపు ముందు సిమెంటు నేల మీద పది సెంటీమీటర్లకి ఒకటి చొప్పున సుద్ద గీతలు గీశాను. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి పక్కనుంచి వీడియో. ప్రతి మార్పుకీ పది స్టార్టులు, ఎన్నిసార్లు దడదడ వచ్చిందో, ఆగకుండా పోగల అతి తక్కువ వేగం ఎంతో నోట్‌బుక్కులో రాసుకోవడం. ట్రక్కు మీద అంచు దాకా నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు కూడా పెట్టాను, కుదుపు సంగతి ఆ గ్లాసు వెంటనే చెప్పేస్తుంది. వచ్చినప్పుడు ఉన్న స్థితిలో ఖాళీ బండికే పదికి ఏడు స్టార్టులు దడదడ, కదిలిన ప్రతిసారీ రెప్పపాటులో మూడు గీతలు దాటిపోవడం, గ్లాసులో సగం నీళ్ళే మిగలడం.

మొదట కరెంటు దారి చూశాను. బ్యాటరీ పాతది, ఒక సెల్ మిగతా రెండింటి కంటే లోడ్ మీద బాగా కిందకి పడుతోంది. ప్లగ్గు దగ్గర సోల్డర్ బూడిద రంగులో పగిలి ఉంది, చేత్తో కదిపితే కదులుతోంది. గుడ్డిగా స్టార్టయ్యే ఆ కాసేపు మోటారు పెద్ద కరెంటు ముక్కలు లాగుతుంది, అప్పుడు వోల్టేజీ కూలితే ఉన్న పట్టు కూడా పోతుంది. సోల్డర్ మళ్ళీ వేసి మంచి బ్యాటరీ పెడితే ఏడు కాస్తా ఐదయ్యాయి. ఇది పది నిమిషాల పని, అయినా మోటారు, ఈఎస్‌సీ మార్చేవాళ్ళు ఈ పది నిమిషాలు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

తరవాత గేర్లు. పినియన్‌కీ, అది తిప్పే పెద్ద గేరు స్పర్‌కీ మధ్య సందు లేకుండా బిగించేశారు. పల్చటి కాగితం ముక్క రెండిటి మధ్య పెట్టి బిగించి, తరవాత తిప్పి కాగితం తీసేస్తే మడత పడాలి తప్ప చిరగకూడదు, అంత సందు చాలు. వెనక డిఫరెన్షియల్‌లో ఒక బేరింగు మట్టి నీళ్ళకి తుప్పు పట్టి గరగరలాడుతోంది, మహేంద్రతనయ ఒడ్డున ఆడించాడట. అది మార్చాను. మోటారు విప్పేసి ట్రక్కుని వేలితో నెడితే ఇప్పుడు ఎక్కడా పట్టకుండా దొర్లుతోంది. ఇలా దొర్లని బండిలో ఏ మోటారు పెట్టినా ఒకటే.

రిమోట్ దగ్గర అసలైన తప్పు ఒకటి దొరికింది. థ్రాటిల్ ట్రిమ్ (న్యూట్రల్‌ని సరిచేసే సెట్టింగు) న్యూట్రల్ నుంచి జరిగి ఉంది, ఎండ్ పాయింట్ (ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే ఎంత దాకా పంపాలో చెప్పే హద్దు) 50కి తగ్గించి ఉంది, ఆ తగ్గించిన స్థితిలోనే ఈఎస్‌సీకి కాలిబ్రేషన్, అంటే న్యూట్రల్, ఫుల్ ఎక్కడో నేర్పడం, చేశారు. అప్పుడేమవుతుందంటే ఈఎస్‌సీ ఆ సగాన్నే పూర్తి అనుకుంటుంది, తగ్గించిన లాభం అంతా పోయి, ఉన్న 500లో 250 మైక్రోసెకన్లే మిగులుతాయి. ఎండ్ పాయింట్లు 100, ట్రిమ్ సున్నా, ఎక్స్‌పో (ట్రిగ్గర్ మొదట్లో ఎంత మెత్తగా పనిచెయ్యాలో చెప్పే సెట్టింగు) సున్నా చేసి, ముందు కాలిబ్రేషన్ చెయ్యాలి. ఆ తరవాతే ముందు వైపు ఎండ్ పాయింట్ 45కి తగ్గించాను, ఎక్స్‌పో మధ్యలో మెత్తబడేలా 30 పెట్టాను. ఎక్స్‌పోలో ప్లస్సు మెత్తనా, మైనస్సు మెత్తనా అన్నది రిమోట్‌ని బట్టి తిరగబడుతుంది, కాబట్టి బండి స్టాండు మీద పెట్టి ట్రిగ్గర్ మెల్లగా నొక్కి చూసుకోవడమే. ఈఎస్‌సీలో పంచ్, అంటే స్టార్టులో పవర్ ఎంత జోరుగా వదలాలన్న సెట్టింగు, అన్నిటికన్నా కిందకి దించాను.

ఆ పైన 3ఎస్ తీసేసి 2ఎస్ (రెండు సెల్లులు, 7.4 వోల్టులు), పినియన్ 20 పళ్ళ నుంచి 12కి. మోటారు స్లాట్ చివరి దాకా జరపాల్సి వచ్చింది కానీ సరిపోయింది. ఇప్పుడు మోటారు 20 చుట్లకి చక్రం ఒక చుట్టు. అదే రథం వేగానికి మోటారు ఇప్పుడు 350 చుట్లు తిరుగుతుంది, బ్యాక్ ఈఎంఎఫ్ 0.1 వోల్టు దాటుతుంది, పూర్తి వేగం గంటకి 25 కిలోమీటర్లకి దిగింది, మన వాటా 3 మైక్రోసెకన్ల నుంచి 7కి పెరిగింది. ఖాళీ బండికి పదికి రెండే దడదడలు. కుర్రాడు "మావయ్యా, అయిపోయింది కదా!" అని గెంతాడు. రథం కట్టాం. పదికి ఆరు. ఆగకుండా పోగల అతి తక్కువ వేగం సెకనుకి 35 సెంటీమీటర్లు. ఇంతకంటే ఆ మోటారు నుంచి రాదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

నా సొంత బండిలోంచి 21.5 టర్న్ (లోపలి చుట్టలో చుట్ల లెక్క) సెన్సర్డ్ మోటారు, దాని ఈఎస్‌సీ తీసి పెట్టి చూశాను. సెన్సర్డ్ మోటారులో వెనక అయస్కాంతాన్ని పసిగట్టే మూడు హాల్ సెన్సర్లుంటాయి, ఆగి ఉన్నా రోటర్ ఎక్కడుందో ఆరు తీగల చిన్న కేబుల్ ద్వారా చెబుతాయి. మోటారుకి వెళ్ళే మూడు లావు తీగలు ఏ, బీ, సీ కచ్చితంగా వాటి చోట్లలోనే కలపాలి. సెన్సర్ లేని దాంట్లో ఏ రెండు తారుమారైనా బండి వెనక్కి తిరుగుతుంది అంతే, ఇక్కడ మారితే వణికి వేడెక్కుతుంది. ఫలితం చాలా బాగుంది, రథంతో పదికి తొమ్మిది శుభ్రమైన స్టార్టులు, సెకనుకి 12 సెంటీమీటర్ల దాకా దిగింది. రెండు పోల్ (రెండు అయస్కాంత ధ్రువాల) మోటారులో హాల్ సెన్సర్లు చుట్టుకి ఆరు చోట్లే చెబుతాయి కాబట్టి మరీ కింద చిన్న అడుగులు అడుగులుగా తెలుస్తుంది, 20 నిష్పత్తిలో ఒక్కో అడుగు నేల మీద 3 మిల్లీమీటర్లు. ఆ అడుగులు కూడా లేకుండా సైన్ వేవ్‌లా, అంటే నున్నటి అలలా, కరెంటు పంపే ఎఫ్‌ఓసీ పద్ధతి ఉంది, హాబీవింగ్ ఫ్యూజన్ లాంటి మోటారు, ఈఎస్‌సీ కలిసిన యూనిట్లలో, అది కొండరాళ్ళ మీద పాకే బండ్లలో అద్భుతం. మాష్టారి పెన్షన్‌లో రెండు రోజుల పని కోసం అంత ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు. పైగా ఆషాఢం, వాన, ఆ సన్న కేబుల్ సాకెట్లోకి బురద నీళ్ళు పోతే ఊరేగింపు మధ్యలో ఆగుతుంది.

నా డ్రాయర్లో 55 టర్న్ బ్రష్డ్ 540 మోటారు, దానికి తగ్గ బ్రష్డ్ ఈఎస్‌సీ ఉన్నాయి. 3650కీ 540కీ స్క్రూ రంధ్రాల దూరం ఒకటే, 25 మిల్లీమీటర్లు, షాఫ్ట్ కూడా ఒకటే, 3.17, కాబట్టి అదే పినియన్‌తో ఐదు నిమిషాల్లో కూర్చుంది. టర్న్ అంటే లోపల చుట్ట ఎన్నిసార్లు చుట్టారన్నది. చుట్లు ఎక్కువైతే వేగం తక్కువ, ఆంపియరుకి వచ్చే లాగుడు ఎక్కువ. మామూలు బండ్లలో వచ్చే 27 టర్న్ కంటే ఇది సగం వేగం. 7.4 వోల్టుల మీద నేను కొలిస్తే ఖాళీగా 8,600 చుట్లు. 20 నిష్పత్తితో బండి గంటకి 9 కిలోమీటర్ల లోపే, రథం వేగం అందులో 4 శాతం, 20 మైక్రోసెకన్లు. ఎండ్ పాయింట్ తగ్గించి ఉంది కాబట్టి ట్రిగ్గర్ మీద అంతకు రెట్టింపు చోటు.

ఇది లోడ్ లేని లెక్క. రథం వెనక ఉన్నప్పుడు చుట్ట నిరోధం దాటడానికే వోల్టు పైన పోతుంది, అందుకని ట్రిగ్గర్ ఇంకాస్త లోపలికి నొక్కాలి. ఇందులోనే ఒక చిక్కు ఉంది. బ్రష్డ్ ఈఎస్‌సీ వేగాన్ని పట్టుకోదు, వోల్టేజీని మాత్రమే ఇస్తుంది. సిమెంటు రోడ్డు అతుకు దగ్గర చక్రం తగిలితే లోడ్ పెరిగి వేగం పడిపోతుంది, దాటగానే పరుగెత్తుతుంది. గేరు తగ్గిస్తే ఆ లోడ్‌లో మోటారుకి తగిలే భాగం తగ్గుతుంది, ఆ ఊపు కూడా తగ్గుతుంది. 20 పళ్ళ పినియన్‌తో ఇదే 55 టర్న్ పెట్టి చూస్తే అతుకు అతుక్కీ తల ఊపుతూ పోయింది, 12తో ఆ ఊపు గ్లాసులో కనపడనంత. తక్కువ వేగంలో నున్నదనం కావాలంటే ముందు పినియన్ కొనమని నేను ఎవరికైనా చెప్పేది అందుకే, అన్నిటికంటే చవక కూడా.

ఈఎస్‌సీలో పీడబ్ల్యూఎమ్ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటుని సెకనుకి ఎన్నిసార్లు ఆన్ ఆఫ్ చెయ్యాలన్నది, మార్చుకునే వీలుంది, 1 నుంచి 16 కిలోహెర్ట్జ్ దాకా. 1 మీద పెడితే కీచుమని అరుస్తూ, కదిలేటప్పుడు చిన్న తన్ను తన్ని కదిలింది. ఆన్ ఆఫ్‌ల మధ్య టైమ్ ఎక్కువ ఉండడంతో కరెంటు ప్రతిసారీ పైకి లేచి సున్నాకి పడిపోతుంది, ఆ లేచిన ముక్కే తన్ను. రాయి మీద ఇరుక్కున్న చక్రాన్ని కదపడానికి అది మంచిదే. 16 మీద పెడితే చుట్టలో కరెంటు ఇంచుమించు సమంగా పోతుంది, వెన్నలా ఉంది, కాకపోతే ట్రిగ్గర్ ఇంకాస్త నొక్కితే గానీ కదలదు, ఈఎస్‌సీలో స్విచింగ్ వేడి పెరుగుతుంది. నేను 8 దగ్గర ఆగాను. ఖాళీ బండి పదికి పది స్టార్టులు, అతి తక్కువ వేగం సెకనుకి 6 సెంటీమీటర్లు, గ్లాసులో నీళ్ళు చుక్క ఒలకలేదు.

రథం కట్టాం. రథం గెంతింది.

ఇది నేను ఊహించలేదు, చాలాసేపు తల పట్టుకున్నాను. వీడియో నెమ్మదిగా పెట్టి చూస్తే ట్రక్కు గీత మీద గీత సమంగా దాటుతోంది, రథం మాత్రం ఆగడం, గెంతడం, ఆగడం, గెంతడం. తప్పు నాదే. మొదటి కుదుపు తాడు ద్వారా రథానికి తగలకుండా ఉంటుందని తాడు మధ్యలో సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క పెట్టాను. మోటారు కుదిపే రోజుల్లో అది పనికొచ్చిందేమో గానీ ఇప్పుడు అదే శత్రువు. చెక్క ఇరుసు చెక్క రంధ్రంలో పట్టుకుని ఉంటుంది, రబ్బరు సాగుతూ పోతుంది, సాగి సాగి పట్టు విడిపించగానే, కదిలేటప్పటి రాపిడి తక్కువ కాబట్టి రథం ఒక్కసారి ముందుకు వచ్చేస్తుంది, రబ్బరు వదులై మళ్ళీ ఆగుతుంది. తలుపు కిర్రుమని అరిచేది ఇలాగే. వేగం ఎంత తగ్గిస్తే ఇది అంత బాగా కనిపిస్తుంది, లాగేది ఎంత మెత్తగా ఉంటే అంత ఎక్కువ.

చేపల వాళ్ళ స్ప్రింగ్ కాటా తెచ్చి రథానికి తగిలించి లాగి చూశాను. కదలడానికి 1.4 కిలోలు, కదిలాక 0.8. ఆ మధ్యనున్న 600 గ్రాముల తేడాయే గెంతు. బేరింగులు పెట్టేద్దామా అని నేను అంటుంటే అరుగు మీద కూర్చుని వింటున్న మాష్టారు "బాబూ, ఇరుసుకి కందెన రాశావా?" అన్నారు. లేదన్నాను. ఆయనే ఇంటికెళ్ళి వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి చిన్న కొబ్బరి చిప్పలో తెచ్చారు, వాళ్ళ నాన్నగారి కాలంలో ఎడ్లబండికి రాసినట్టే. నాలుగు చక్రాలకీ పట్టించి, ఓ పావుగంట చేత్తో అటూ ఇటూ దొర్లించి మళ్ళీ కాటా పెట్టాను. కదలడానికి 0.8, కదిలాక 0.6. తేడా 200 గ్రాములు. నేను వేళ్ళు చూసుకుంటే నల్లగా ఉన్నాయి, చాలా సంతోషం వేసింది.

రబ్బరు తీసేశాను. తాడు లోపల సన్నటి వెదురు బద్ద పెట్టి పైన తాడు చుట్టాం, చూడ్డానికి తాడే, సాగదు, వదులవదు. ట్రక్కు దగ్గర చిన్న బాల్ జాయింటు, ఎత్తుపల్లాలకి వంగడానికి. గట్టి కడ్డీ వల్ల ఇంకో సమస్య వచ్చింది, ఆగేటప్పుడు రథం ట్రక్కుని వెనకనుంచి నెడుతుంది. ఈఎస్‌సీ క్రాలర్ మోడ్‌లో (రాళ్ళ మీద పాకే బండ్ల సెట్టింగు) ఉంటే ట్రిగ్గర్ వదలగానే డ్రాగ్ బ్రేక్ పూర్తిగా పడి చక్రాలు టక్కున బిగుసుకుంటాయి, రథం శిఖరం ముందుకు ఊగింది. డ్రాగ్ బ్రేక్ కిందకి దించి, వేలు ఒక్కసారి వదలకుండా రెండు అంకెలు లెక్కపెడుతూ వదలడం కుర్రాడికి నేర్పాను. స్టార్టు గురించి అందరూ అడుగుతారు, ఆగడం గురించి ఎవరూ అడగరు, కానీ కలశం రెండింటికీ పడుతుంది.

రథయాత్ర ముందు రోజు సాయంత్రం వీధిలోనే పూర్తి రిహార్సల్ పెట్టాం. వీధి రామమందిరం వైపు కొంచెం పల్లం, తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు. ఎత్తు మీద మోటారు తీగలో క్లాంప్ మీటర్ నాలుగు ఆంపియర్ల లోపే చూపించింది. బ్రష్డ్ మోటారు క్యాన్ వెనక నీళ్ళు చిమ్మకుండా పాత రెయిన్ కోటు ముక్క కట్టాను, తడిస్తే ఆగదు గానీ బ్రష్‌లు త్వరగా అరిగిపోతాయి.

విదియ రోజున అనుకున్నట్టే తుంపర. పిల్లలు అటు నలుగురు ఇటు నలుగురు తాళ్ళు పట్టుకున్నారు, మాష్టారు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు, కుర్రాడు రథం పక్కన రిమోట్ రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. నేను స్టాప్‌వాచ్ నొక్కాను. 60 మీటర్లకి పదకొండు నిమిషాలు, దారిలో హారతుల కోసం మూడు సార్లు ఆపి మూడు సార్లు మళ్ళీ కదిపాడు. ఎప్పుడు కదిలిందో జనానికి తెలియలేదు, "కదిలిందా?" అని ఒకావిడ అడగడం విన్నాను, అప్పటికే జానెడు పోయింది. కలశం కదల్లేదు. మందిరం దగ్గర మోటారు మీద థర్మామీటర్ పెడితే 46 డిగ్రీలు.

దశమి నాడు బాహుడా, అదే సెట్టింగు, అదే బ్యాటరీ, ఎత్తు కాబట్టి పన్నెండు నిమిషాలు. మర్నాడు మోటారు బ్రష్‌లు చూస్తే అరుగుదల చెప్పుకోదగ్గది కాదు. కుర్రాడి కోసం 3300 కేవీ మోటారు మళ్ళీ పెట్టి ఇచ్చాను, 20 పళ్ళ పినియన్‌తో, ట్రిమ్, ఎండ్ పాయింట్లు మళ్ళీ మొదటినుంచి కాలిబ్రేట్ చేసి. 55 టర్న్ మోటారు, 12 పళ్ళ పినియన్, బ్రష్డ్ ఈఎస్‌సీ, వెదురు బద్ద నాలుగూ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి మాష్టారింటికి పంపాను. రిమోట్‌లో రథానికి వేరే మోడల్ మెమరీ దాచి ఉంచాం. డబ్బా మూత మీద "రథం" అని రాసి, దాని కింద ఎక్స్‌పో, ఎండ్ పాయింట్, ఫ్రీక్వెన్సీ అంకెలు కుర్రాడే తన చేత్తో రాసుకున్నాడు, కందెన అన్న మాట కూడా.